కడుపుకి చిట్టా రాసిన గుమస్తా: పెద్దపేగు పూత, స్వభావం, ఒక కేస్ స్టడీ

గుంటూరు మిర్చి యార్డ్‌లో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాసే గుమస్తా గారి కేసు ఇది. వయసు 43. భార్య, పదో తరగతి చదివే కూతురు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాశాక అభ్యంతరాలుంటే చెప్పమని ఆయనకే చదవడానికిచ్చాను. రెండు తప్పులు దిద్ది పంపారు: మందు డోసు ఒకచోట తేడా పడింది, కొట్టు దస్తరం గురించి రాసిన చోట చిట్టాకీ (రోజువారీ పద్దుల పుస్తకం) ఆవర్జాకీ (ఖాతాల పుస్తకం) నేను తేడా తెలియకుండా రాశాను. అభ్యంతరం ఒక్కటీ లేదు. నేనడిగింది అనుమతి, ఆయన చేసింది ఆడిట్. మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఇంతకన్నా మంచి పరిచయం నేను రాయలేను.

2023 ఆగస్టులో ఆయన్ని పేగు జబ్బులు చూసే గ్యాస్ట్రో డాక్టరు గారు, మనసు సంగతులు చూసే నా దగ్గరికి పంపారు. చీటీ మీద ఒక్క ముక్కే ఉంది: పేగు బాగుంది, మనిషి బాగాలేడు.

పేగు సంగతి

2021 ఎండాకాలంలో మొదటిసారి మోషన్‌లో రక్తం పడింది. మన వైపు రక్తం పడితే ముందు అనుకునేది మూలశంకే కదా, ఈయనా అదే అనుకున్నారు. ఎనిమిది నెలలు పసర్లు, లేపనాలు. బంక, రక్తం, రోజుకి పన్నెండుసార్లు బాత్రూం, హిమోగ్లోబిన్ 8.4 దాకా వచ్చాక 2022 ఫిబ్రవరిలో కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేశారు. పురీషనాళం (పేగు చివరి భాగం) నుంచి పెద్దపేగు ఎడమవైపంతా పూత, అంటే వాపూ పుళ్లూ. అల్సరేటివ్ కొలైటిస్. పేగు వాపు తగ్గించే మెసలమిన్ మాత్రలు రోజుకి 4.8 గ్రాములు, రాత్రి ఎనిమా (మలద్వారం నుంచి ఎక్కించుకునే మందు), ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున తగ్గింపు. స్టెరాయిడ్ ఆగేసరికి రక్తం ఆగింది.

2023 జూలైలో మళ్లీ గొట్టం వేసి చూస్తే పేగు శుభ్రంగా ఉంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ 38. ఇది 50 లోపు ఉంటే పేగులో వాపు లేదనే లెక్క. అయినా ఈయన పొద్దున ఐదింటికి లేచి, ఎనిమిదింటికి ఇల్లు కదిలేలోపు ఏడెనిమిదిసార్లు బాత్రూంకి వెళ్తున్నారు. టిఫిన్ మానేశారు. మధ్యాహ్నం భోజనం మానేశారు. రాత్రి పూట చారన్నమో పెరుగన్నమో. రెండేళ్లుగా విజయవాడ పటమటలో ఉన్న అక్కగారింటికి వెళ్లలేదు. ఇక్కడికీ అక్కడికీ పట్టుమని నలభై కిలోమీటర్లు లేదు.

మొదటి రోజు

తలుపు దగ్గరున్న కుర్చీలో కూర్చున్నారు. యాభై నిమిషాల్లో రెండుసార్లు లేచారు, రెండుసార్లూ "ఫోనొచ్చిందండీ" అని. ఫోన్ మోగలేదు, బల్ల మీదే ఉంది. తర్వాత మా ఆయా చెప్పింది, ఆ సారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు, ఏం కావాలంటే ఏం లేదమ్మా అన్నారు అని. బాత్రూం ఎటని అడగలేదు! ఒక్కో తలుపూ చూసుకుంటూ తనే వెతుక్కున్నారు.

ఆ రోజు నా నోట్సులో రాసుకున్నది పేగు గురించి కాదు, "అడగడు" అన్న ఒక్క మాట.

ఇంటి నుంచి యార్డ్‌కి నాలుగు కిలోమీటర్ల దారి. ఆ దారిలో ఆగగలిగిన చోట్లు మూడని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు: ఒక పెట్రోల్ బంకు, వాచ్‌మన్ ఎరిగిన కల్యాణ మండపం, తోడల్లుడి ఎరువుల కొట్టు. స్కూటర్ డిక్కీలో ఒక ప్యాంటు మడతపెట్టి ఉంటుంది. దాన్ని ఒక్కసారీ వాడాల్సి రాలేదు. ఈ సంగతి ఆయన ధైర్యంగా చెప్పలేదు, ఇంకా వాడలేదు అన్నట్టు చెప్పారు.

కొలతలు, వాటి హద్దులు

ఆందోళన, దిగులు కొలిచే పద్నాలుగు ప్రశ్నల హాడ్స్‌లో ఆందోళన 14, దిగులు 6 వచ్చాయి. ఒక్కోదానికీ గరిష్ఠం 21, పదకొండు, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిందే. పేగు జబ్బుల వాళ్ల జీవన నాణ్యత కొలిచే ఐబీడీక్యూలో 32 ప్రశ్నలుంటాయి, 32 నుంచి 224 దాకా స్కోరు. జబ్బు నెమ్మదించినవాళ్లు సాధారణంగా 170 పైన ఉంటారు. ఈయనది 121. ప్రశ్నలు నేనే తెలుగులో చదివి వినిపించాను కాబట్టి ఆ అంకెని ఇంకొకరితో పోల్చను, ఆయన్ని ఆయనతోనే పోల్చడానికి వాడాను.

స్వభావం కొలిచే అరవై ప్రశ్నల పరీక్షలో న్యూరోటిసిజం ఎక్కువ, అంటే కీడెంచే తత్వం. బాధ్యత, క్రమం చెప్పే కొలత దాదాపు పైకప్పు తాకింది. నలుగురిలో కలిసే గుణం తక్కువ. ఎదుటివాళ్లకి అనుకూలంగా ఉండే గుణం బాగా ఎక్కువ.

ఇక్కడొక జాగ్రత్త. జబ్బు ఎర్రగా మండుతున్నప్పుడూ, స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడూ ఈ పరీక్ష పెట్టకూడదు. ప్రెడ్నిసొలోన్ నిద్ర చెడగొడుతుంది, చిరాకు పెంచుతుంది. ఆ చిరాకుని మనం స్వభావం అని రాసేసుకుంటాం. ఈయన స్టెరాయిడ్ ఆపి ఏడాది దాటింది. అయినా నేను పరీక్ష కన్నా ఆయన భార్య మాటనే ఎక్కువ నమ్మాను. జబ్బుకి ముందు ఎలా ఉండేవారని అడిగితే ఆవిడ నవ్వి, "పెళ్లైన కొత్తలో సినిమాకి వెళ్తే ఇంటర్వెల్‌లో ఇంటికొచ్చి గ్యాస్ కట్టామా లేదా చూసెళ్లిన మనిషండీ" అన్నారు. అంటే ఈ గుణం పేగుది కాదు, పేగుకన్నా పాతది.

"టెన్షన్ వల్లే వచ్చిందా మేడమ్?"

ఆ మాట మీదే ఆవిడ అసలు ప్రశ్న అడిగారు. ఈయన ఇలా ఆలోచించి ఆలోచించే జబ్బు తెచ్చుకున్నారా అని. చుట్టాలంతా రెండు వర్గాలుగా విడిపోయారట. సగంమంది కారం వల్ల అంటారు, సగంమంది టెన్షన్ వల్ల అంటారు.

కారం సంగతి ముందు చెప్తాను. పండుమిర్చి తిన్నవాళ్లకల్లా ఈ జబ్బొస్తే గుంటూరు జిల్లాలో ఆరోగ్యవంతుడు మిగలడు. పేగు లోపలి పొర మీద మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. వంశం, పేగులోని సూక్ష్మజీవులు, పరిసరాలు అన్నీ కలిసి దీన్ని తెస్తాయి. కారం కొందరికి మంట పెంచుతుంది, పూత పుట్టించదు.

రెండో మాటకి పెద్ద చరిత్రే ఉంది. 1950 ప్రాంతాల్లో చికాగోలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మనోవిశ్లేషకుడు మనసు నుంచి పుట్టే ఏడు జబ్బులని ఒక జాబితా వేస్తే అందులో ఈ పెద్దపేగు పూత కూడా ఉంది. ఈ రోగులు అతి శుభ్రం మనుషులనీ, కోపం దిగమింగేవాళ్లనీ, తల్లి కొంగు వదలనివాళ్లనీ ఆ కాలం వాళ్లు రాశారు. ఆరోగ్యవంతుల్ని పక్కన పెట్టి పోల్చకుండా, ఏళ్ల తరబడి రక్తం పోయిన మనుషుల్ని చూసి, వాళ్ల నీరసాన్నీ భయాన్నీ స్వభావం అనుకున్నారు. తర్వాత సరిగ్గా పోల్చి చూస్తే ఆ వాదం నిలవలేదు. ఒత్తిడి ఉన్న జబ్బుని రేపొచ్చు, స్వభావం జబ్బుని తేదు. కానీ జబ్బు వచ్చాక మనిషి ఎలా బతుకుతాడన్నది చాలావరకు ఆ స్వభావం చేతిలోనే ఉంటుంది. ఈ ముక్క ఇద్దరికీ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే "మీ తప్పు కాదు" అన్న సగమే ఆయన విన్నారు, "మీ చేతిలో కొంత ఉంది" అన్న సగమే ఆవిడ విన్నారు.

మొహమాటం

పరీక్షలో అనుకూలత అని వచ్చేదానికి మన దగ్గర ఇంకా సరైన మాట ఉంది. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. సామెతలో కడుపు వేరే అనుకోండి, ఈయన విషయంలో మాత్రం అక్షరాలా నిజం.

షావుకారు గారింట్లో గృహప్రవేశం. ఈయన వడ్డన తప్పించుకుందామని ఆలస్యంగా వెళ్లారు. షావుకారు గారి భార్యే ఎదురొచ్చి కూర్చోబెట్టారు. పులిహోర, గారెలు, గుత్తొంకాయ. వద్దండీ అంటే "మా ఇంట్లో భోజనం చేయకూడదా" అంటారేమోనని తిన్నారు. గారె రెండోసారి వేస్తుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆవిడ చేతికి తగులుతుందని వెనక్కి తీసుకున్నారు. మూడోది కూడా పడింది. ఇది చెప్తున్నప్పుడు ఆ చెయ్యి నా బల్ల మీద మళ్లీ అలాగే లేచి వెనక్కి వెళ్లింది. లేచి చెయ్యి కడుక్కునేలోపే పొట్టలో కదలిక. అంత పెద్ద కొత్తింట్లో నాలుగు బాత్రూములు. చుట్టాల ముందు అడగలేక, స్కూటర్ ఎక్కి ఇంటికొచ్చేశారు.

తిన్న అరగంటలోపు పెద్దపేగు కదలడం అందరికీ ఉన్నదే, పొద్దున పూట ఇంకాస్త ఎక్కువ. పూత మానినా పురీషనాళం నరాలు కొంతకాలం సున్నితంగానే ఉంటాయి, కాలిన చెయ్యి మానాక కూడా గోరువెచ్చని నీళ్లకి ఉలిక్కిపడ్డట్టు. కీడెంచే మనసు ఆ కదలికని "జబ్బు తిరగబెట్టింది" అని చదువుతుంది. క్రమశిక్షణ ఉన్న మనసు వెంటనే చర్య తీసుకుంటుంది, అంటే ముందుజాగ్రత్తగా ఇంకోసారి వెళ్తుంది. మొహమాటం ఉన్న మనసు సాయం అడగదు కాబట్టి ఆ జాగ్రత్తంతా ఒంటరిగానే చేసుకుంటుంది. ఏమీ జరగకపోతే, వెళ్లొచ్చాను కాబట్టే ఏమీ జరగలేదని నమ్మకం. ఇదీ ఆయన ఏడెనిమిదిసార్ల లెక్క.

అలాగని హుషారైన మనుషులు బాగా సర్దుకుంటారని తేల్చేయకండి. అదే రోజుల్లో విజయవాడ ఆటోనగర్ నుంచి ఇంకో పేషెంటు వచ్చేవాడు, ఇదే జబ్బు, పాతికేళ్ల కుర్రాడు. జోకులే జోకులు. "నాకేంటి మేడమ్, సూపరున్నా" అనేవాడు. జీవన నాణ్యత స్కోరు గుమస్తా గారికన్నా ఎంతో పైన. రక్తం ఆగిన నెలకల్లా మాత్రలు మానేసేవాడు. ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరాడు. గుమస్తా గారు రెండేళ్లలో ఒక్క డోసు మిస్సవలేదు. ఎనిమా పెట్టుకున్న రాత్రుల లెక్క కూడా ఉంది. నేను బాగుచేయాలని కూర్చున్న స్వభావమే అప్పటిదాకా ఆయన పేగుని కాపాడింది.

నా పొరపాటు

ఈ మాట నాకు ముందే తట్టి ఉంటే బాగుండేది. మామూలుగా అందరికీ ఇచ్చినట్టే ఈయనకీ డైరీ పని ఇచ్చాను: ఏ టైముకి వెళ్లారు, అప్పుడు మనసులో ఏముంది, ఏం తిన్నారు. మూడు గళ్లు, రెండు వారాలు.

రెండు వారాలకి ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు చిట్టా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. కొట్లో వాడేలాంటిదే, కొత్తది కొన్నారు. 61 పేజీలు. నా మూడు గళ్లు ఏడయ్యాయి: రంగు, పరిమాణం, బంక ఉందా, వాసన కూడా చేరాయి. ఇంకా పూర్తవలేదనిపిస్తే ఎర్ర సిరాతో "బాకీ". ప్రతి పేజీ అడుగున మొత్తం, తర్వాతి పేజీకి ముందుకి తెచ్చిన మొత్తం. ఆందోళన స్కోరు 14 నుంచి 16కి ఎక్కింది. ఇరవై ఏళ్లు లెక్కలు రాసిన మనిషిని ఆయన కడుపు మీదే ఆడిటర్‌గా కూర్చోబెట్టాను నేను!

అప్పుడే అసలు దారి కనపడింది. ఈ మనిషిని "పట్టించుకోకండి" అంటే కుదరదు, పట్టించుకోవడమే ఆయన. పట్టించుకునే విషయం మార్చాలి.

ఏం చేశాం

చిట్టా ఆ రోజే మూసేశాం. కొట్లో ఏడాది లెక్క మూసేటప్పుడు ఎలా చేస్తారో అలాగే, చివరి పేజీ కింద రెండు గీతలు కొట్టి సంతకం పెట్టమన్నాను. కొత్త పుస్తకంలో శనివారం ఒక్కటే పద్దు. అందులో ఎన్నిసార్లు వెళ్లారన్నది ఉండదు. జబ్బు వల్ల ఆగిపోయిన పని ఈ వారం ఏది మళ్లీ చేశారన్నదే ఉంటుంది. మొదటి పద్దు: "టిఫిన్. ఇడ్లీ 2. ఇంట్లోనే."

పొద్దున పూట వెళ్లాలనిపించగానే వెళ్లకుండా రెండు నిమిషాలు ఆగడం, తర్వాత ఐదు, తర్వాత పది. పేగు శుభ్రంగా ఉందని గ్యాస్ట్రో డాక్టరు గారితో మాట్లాడాకే ఇది మొదలుపెట్టాను. పొట్ట నిండా గాలి పీల్చి నెమ్మదిగా వదలడం నేర్పాను గానీ దాని మీద ఆయనకి పెద్దగా గురి కుదరలేదు, గడియారం మీద కుదిరింది. ఆరు వారాలకి ఏడెనిమిది కాస్తా నాలుగయ్యాయి.

ప్రయాణం మెట్లు మెట్లుగా వేశాం. ముందు విజయవాడ రైలు, బాత్రూం ఉంటుంది కాబట్టి. తర్వాత బస్సులో మంగళగిరి దాకా. తర్వాత కాజ టోల్ ప్లాజా, మంగళగిరి దాటించి బెజవాడ బస్టాండు దాకా. మంగళగిరిలో దిగి, దర్శనం చేసుకుని, పానకం తాగడానికి భయపడి సీసాలో ఇంటికి తెచ్చారు. దాన్నీ పద్దు రాశారు.

అన్నిటికన్నా కష్టమైంది షావుకారుకి చెప్పడం. ఒక్క వాక్యం తయారుచేయడానికి రెండు సెషన్లు పట్టాయి. ఆయన రాసుకొచ్చిన మొదటి ముసాయిదా సెలవు చీటీలా ఉంది, "తమరి సమయం వృథా చేస్తున్నందుకు" అని మొదలై. కొట్టేసి కొట్టేసి ఇక్కడికి తెచ్చాం: "నాకు పెద్దపేగు జబ్బుందండీ, మందులు వాడుతున్నా. ఎప్పుడైనా అర్జెంటైతే కాటా దగ్గర కుర్రాణ్ణి నిలబెట్టి వెళ్లొస్తా."

యార్డ్‌లో చెప్పిన రోజు షావుకారు ఫోన్‌లోంచి తలెత్తలేదట. "పై బాత్రూం తాళం మేకుకుంది, తీస్కో. ఆ తేజా లాటు బిల్లైందా?" అన్నారట. అంతే. రెండేళ్ల దాపరికానికి వచ్చిన జవాబు అది. గుమస్తా గారు ఊరటపడ్డారని రాద్దామనుకున్నాను. నిజానికి కొంచెం నొచ్చుకున్నారు.

ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. ఈయన కోసం ఇంటిల్లిపాదీ చప్పిడి తింటున్నారు. కూతురు స్నేహితురాలి ఇంట్లో గోంగూర తిని వస్తోందని తెలిసి ఆయన ఏడ్చారు. ఆ అమ్మాయిని ఒకసారి రమ్మన్నాను. "నాన్నకి జబ్బొచ్చిందని కాదాంటీ, జబ్బు గురించి ఎవ్వరూ మాట్లాడరు, అదే" అంది. జబ్బు నెమ్మదించాక అందరికీ ఒకే పథ్యమంటూ ఏదీ లేదని భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. పగలంతా మిరపకాయల ఘాటులో బతికే మనిషి రెండేళ్ల తర్వాత వేడన్నంలో అరచెంచా గోంగూర పచ్చడి కలుపుకున్నారు. శనివారం పద్దు.

మార్చి

ఇక్కడితో ఆపితే కేసు బాగుంటుంది. 2024 మార్చిలో, యార్డ్ సీజన్ మంచి జోరు మీదున్నప్పుడు, నిజంగానే జబ్బు తిరగబెట్టింది. రక్తం. రాత్రి నిద్రలోంచి లేపే మోషన్స్. ఆయన తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఎందుకని అడిగితే రెండు కారణాలు చెప్పారు. "సీజన్లో సెలవడిగితే బాగోదు, డాక్టరు గారిక్కూడా రష్షుగా ఉంటుంది" అన్నది మొదటిది. అది నేను ఊహించగలిగేదే. రెండోది నన్ను కుదిపింది: "మీరే ఆపుకోమన్నారు కదండీ."

నిజమే, నేనే అన్నాను. ఆపుకోవడం పేగు బాగున్నప్పటి లెక్క అనీ, రక్తం పడితే ఆ లెక్క చెల్లదనీ నోటితో చెప్పాను గానీ రాసివ్వలేదు. రాయనిది ఆయన దృష్టిలో పద్దు కాదు. ఆ సంగతి నాకు తెలిసుండాలి, అప్పటికే ఆరేడు నెలలుగా చూస్తున్నాను.

కాల్‌ప్రొటెక్టిన్ 640 వచ్చింది. మళ్లీ ప్రెడ్నిసొలోన్ 40. నిద్రపట్టని రాత్రుల్లో పాత చిట్టా తీసి మళ్లీ రాయబోతే భార్య దాచేశారు. ఆవిడ చేసిన వైద్యం నాదానికన్నా తక్కువదేం కాదు.

ఆ వారమే గ్యాస్ట్రో డాక్టరు గారూ నేనూ కలిసి ఒక అట్ట ముక్క మీద రాసిచ్చాం. రక్తం, జ్వరం, నిద్రలోంచి లేపే మోషన్, బరువు తగ్గడం: వీటిలో ఏ ఒక్కటున్నా అదే రోజు ఫోన్ చేయాలి, సీజనైనా సరే. ఇవేవీ లేకుండా పొట్ట కదిలితే 48 గంటలు చూడాలి. నొప్పికి మందులషాపులో అడిగి డైక్లోఫినాక్ లాంటివి వేసుకోకూడదు, పేగు మళ్లీ రేగొచ్చు. జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటాక క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ చూపించుకుంటూ ఉండాలి కాబట్టి, 2029 అని కూడా రాశాం. మామూలు పేషెంటుకి అంత దూరం తేదీ చెప్తే బెదిరిపోతారు. ఈయన ముఖం తేటపడింది. చెల్లించాల్సిన తేదీ తెలిసిన బాకీ ఆయన్ని ఎప్పుడూ భయపెట్టలేదు.

ఫోన్ చేయడం కూడా సాధన చేయించాను. నా ఎదురుగా కూర్చుని గ్యాస్ట్రో డాక్టరు గారి ఆసుపత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగాలి. మొదటిసారి అవతలి రిసెప్షనిస్టుకి మూడుసార్లు సారీ చెప్పారు. మూడోసారి చేసినప్పుడు ఒక్కటే.

ఇప్పుడు

మొత్తం పద్నాలుగు సెషన్లు. 2024 అక్టోబరులో చివరిగా కొలిచినప్పుడు ఐబీడీక్యూ 168, ఆందోళన 9. పొద్దున పూట బాత్రూంకి రెండు మూడుసార్లు. స్వభావం పరీక్ష మళ్లీ పెట్టలేదు. పెట్టినా పెద్ద తేడా వస్తుందనుకోను, పద్నాలుగు గంటల్లో నలభై మూడేళ్ల మనిషి మారడు, మారాలని నేనూ అడగలేదు. ఆ సెప్టెంబరులో కొంచెం బంక కనపడితే రెండో రోజే ఫోన్ చేశారట. తీరా చూస్తే కాల్‌ప్రొటెక్టిన్ మామూలే. అనవసరంగా ఇబ్బంది పెట్టానని డాక్టరు గారికి ఒక కిలో మేలురకం ఎండుమిర్చి పంపారు.

దసరాకి అక్కగారింటికి బస్సులోనే వెళ్లొచ్చారు. గుమ్మంలో అడుగుపెడుతూనే బాత్రూం ఎటని అడిగారా అన్నాను. "మా అక్కే ముందు చూపించిందండీ" అన్నారు. ఆయన చెప్పలేదట, భార్య ఫోన్ చేసి చెప్పి ఉంచారట.

లేచి వెళ్తుంటే డిక్కీలో ప్యాంటు ఇంకా ఉందా అని అడిగాను. ఉందన్నారు. తీసేయమంటారా అని అడిగారు. ఉండనివ్వండి అన్నాను. ఉతికి ఏడు నెలలైందట.